మమ్మల్ని కూచోబెట్టకండి

సావనీరుకి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం విద్యార్థులు ఇంటికి వచ్చినప్పుడు, "యువత – సేవాదృక్పథం అనే అంశం మీద రాస్తే బాగుంటుంది సార్" అని సూచించారు. ఆ అంశం మీద నేను చదువుకునే రోజుల నుంచీ ప్రతి కాలేజీ సావనీరులోనూ ఒక వ్యాసం వస్తూనే వుంది. నేనే రెండు రాశాను. యువకులు సమాజానికి సేవ చెయ్యాలనడంలో భిన్నాభిప్రాయం ఎవరికుంటుంది? అంచేత దాన్ని పక్కనబెట్టి, మీరెవరూ నన్ను అడగని సంగతి రాస్తాను. ముసలివాళ్ళకి చేసే సేవ గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ముసలివాళ్ళు చేసే సేవ గురించి, అది వాళ్ళ ఒంటికీ మనసుకీ ఏం చేస్తుందన్న దాని గురించి ఒక నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా ఒక ముచ్చట. 2022 జూలైలో గోదావరి వచ్చిన తీరు మీలో చాలామంది చూసే వుంటారు. 16వ తారీఖున భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ పైన ఇవ్వడానికి మన దగ్గర హెచ్చరికలే లేవు! వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా చెల్లెలిది బూర్గంపాడు. నేనుండేది ఖమ్మంలో కాబట్టి ఇవతలి ఒడ్డుదాకా పోగలిగాను. వాళ్ళని ముందే ఇల్లు ఖాళీ చేయించి ఒక స్కూల్లో పెట్టారని తెలిసి అక్కడికే పోయాను. చెల్లెలు క్షేమంగానే వుంది. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు బారుగా నిలబడి నీళ్ళ సీసాలు, పులిహోర పొట్లాలు చేతులు మారుస్తున్నారు. 1986 వరదల్లో, గోదావరి 75.6 అడుగులు ఎక్కినప్పుడు, నేను పాల్వంచలో కొత్త లెక్చరర్ని. అప్పుడు ఇదే రోడ్డు మీద బియ్యం మూటలు మోసినవాణ్ణి. చేతులు వూరుకోక పోయి ఆ వరసలో నిలబడ్డాను.

నిండా రెండు నిమిషాలు కాలేదు. ఒక కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసి, "సార్, మీరు కూచోండి సార్" అన్నాడు. నా పూర్వ విద్యార్థి కొడుకట. ఎంత మర్యాద! కూచున్నాను. మూడు గంటలు కూచున్నాను.

నా పక్కన ఒక ముసలమ్మని కూడా కూచోబెట్టారు. ఏటిగట్టు వూరు ఆమెది. ఇల్లు మునిగి వచ్చింది. వంటకి కూరగాయలు తరుగుతానని లేస్తే ఎవరో, "నువ్వు కూచో అవ్వా, మేం చేసుకుంటం" అన్నారు. ఓ అరగంట కూచుంది. తర్వాత ఎవరినీ అడక్కుండా లేచి, గాడిపొయ్యి దగ్గరికి పోయి, ఉల్లిగడ్డల గంప ముందుకు లాక్కుని పొట్టు తీయడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు. మధ్యలో నేను పోయి పలకరిస్తే, "ఊకె కూసుంటే పాణం కొట్టుకుంటది సారూ. పోయిన ఇల్లే యాదికొస్తది" అంది. చేతిలో కత్తి మాత్రం ఆగలేదు. ఆమె లేవగలిగింది, నేను లేవలేకపోయాను. ఆమెని ఎవరూ సార్ అనలేదు గదా!

ఆ కుర్చీ నన్ను చాలా రోజులు వెంటాడింది. రిటైరైన నాటి నుంచీ నేను చేస్తున్నది అదేనని అప్పుడు తెలిసివచ్చింది. పొద్దున దినపత్రిక, జిల్లా పేజీలతో సహా రెండుసార్లు. తర్వాత టి.వి. సాయంత్రం పార్కులో నాలాంటి వాళ్ళతో షుగరు, బి.పి., డి.ఏ. బకాయిలు. రాత్రి రెండింటికి మెలకువ. డాక్టరు నిద్రమాత్ర రాశాడు, నడవమన్నాడు. నడిచాను. ఎక్కడికీ పోనవసరం లేని నడక ఎంత విసుగో అరవై దాటితే గాని తెలియదు.

చదివే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఈ విషయం మీద పరిశోధకులు ఏమన్నారో వెతికాను. అమెరికాలో యాభై ఏళ్ళు దాటిన దాదాపు 13 వేలమందిని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి రెండు గంటలు, జీతం లేకుండా ఏదైనా సంస్థకో బడికో పనిచేసిన వృద్ధులకి, ఏమీ చెయ్యనివాళ్ళతో పోలిస్తే, నాలుగేళ్ళలో మరణించే ప్రమాదం 44 శాతం తక్కువగా కనిపించింది. నడవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం వంటి ఇబ్బందులూ తక్కువే. బతుక్కి ఒక అర్థం వుందన్న భావన ఎక్కువ. అయితే షుగరు, గుండెజబ్బు, కీళ్ళనొప్పులు వంటివాటిలో తేడా ఏమీ కనిపించలేదని కూడా వాళ్ళే రాశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అంతకుముందు 2013లో వచ్చిన మరో అధ్యయనంలో, ఏడాదికి 200 గంటలు చేసినవాళ్ళకి నాలుగేళ్ళలో కొత్తగా రక్తపోటు వచ్చే అవకాశం 40 శాతం తక్కువగా వుంది.

ఈ 100 గంటల దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ లెక్క మనకి తెలిసిందే. 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం ప్రారంభమైన తర్వాత మన విద్యార్థులకి పెట్టిన లెక్క ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240. ఇరవై ఏళ్ళ వాడికి, ఏ రోగమూ లేనివాడికి, 120 గంటలు కేటాయించి రిజిస్టరు పెట్టి సంతకం చేయిస్తున్నాం. ఆ గంటలు మందులా పనిచేసే వయసు వచ్చేసరికి రిజిస్టరు మూసేసి కుర్చీ వేస్తున్నాం. ఇదెక్కడి న్యాయం?

ఇక్కడ సైన్సు విద్యార్థి ఎవరైనా లేచి, "సార్, ఆరోగ్యంగా వున్నవాళ్ళే కదా సేవకి పోగలరు? సేవ వల్ల ఆరోగ్యమా, ఆరోగ్యం వల్ల సేవా?" అని అడగవచ్చు. అడగాలి కూడా. మంచం పట్టినవాడు వరద బాధితులకి పులిహోర పంచలేడు. ఆ పరిశోధకులు మొదటి నుంచీ వున్న ఆరోగ్యాన్నీ ఆస్తినీ చదువునీ లెక్కలోకి తీసుకున్నా, అనుమానం పూర్తిగా తీరదు. చీటీలు తీసినట్టు ఎవరిని పంపాలో ఎవరిని ఆపాలో నిర్ణయించి చేసే ప్రయోగాలు తక్కువ. ఉన్నవాటిలో ఒకటి అమెరికాలోనే బాల్టిమోరు నగరంలో జరిగింది. అరవై దాటినవాళ్ళని ప్రాథమిక పాఠశాలలకి వారానికి 15 గంటలు పంపారు. పిల్లలతో చదివించడం, గ్రంథాలయం చూసుకోవడం, తగవులు తీర్చడం వాళ్ళ పని. కొన్ని నెలలకే వాళ్ళ కదలిక పెరిగింది, కష్టమొస్తే అడగదగ్గ మనుషులు ఎక్కువయ్యారు, టి.వి. చూసే గంటలు తగ్గాయి. ఇంట్లో వుండిపోయిన వాళ్ళకి టి.వి. గంటలు పెరిగాయి. ఈ చివరి సంగతి మాత్రం బాల్టిమోరు దాకా పోనక్కర్లేదు, మా ఇంట్లోనే రుజువు చేయగలను.

నన్ను ఇంకా ఆలోచింపజేసింది 2012 నాటి అధ్యయనం. సేవ చేసే వృద్ధులని "ఎందుకు చేస్తున్నారు" అని అడిగారు. పక్కవాళ్ళ కోసం అన్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారు. నాకు మంచిది, నాకు కాలక్షేపం అన్నవాళ్ళు ఏ సేవా చెయ్యనివాళ్ళంతే బతికారు. చూశారా చిక్కు! ఆరోగ్యం కోసం సేవ చేస్తే ఆరోగ్యం రాదు. అంచేత ఈ వ్యాసం చదివి మా వయసువాడు ఎవడైనా "సరే, బి.పి. తగ్గడానికి వారానికి రెండు గంటలు సేవ చేద్దాం" అని బయల్దేరితే, వాడి శ్రమ వృథా.

దీనికి మన ఖమ్మం నేల మీద ఒక మనిషిని చూపిస్తాను. రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య గారు, అదే మన వనజీవి రామయ్య. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలక, సైకిలు మీద మొక్కలు, జేబుల్లో విత్తనాలు. రోడ్డు పక్కన, కాలువ గట్టు మీద, బడి ఆవరణలో ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ ఒక గుంట. వెంట ఆయన భార్య జానమ్మ గారు. మేము కుర్రకారుగా వున్నప్పుడు ఆయన్ని చూసి నవ్వుకున్నవాళ్ళలో నేనూ వున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుపడను, సిగ్గుపడాల్సింది అప్పుడు. కోటికి పైగా మొక్కలు నాటారని అంటారు. ఎవరు లెక్కపెట్టారని అడిగే పెద్దమనుషులున్నారు. నాటనివాళ్ళకే లెక్కలు కావాలి. 2017లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఎనభై ఏళ్ళ మనిషి. బిరుదు వచ్చింది గదా అని ఇంట్లో కూచోలేదు. 2022లో మోటారు సైకిలు గుద్ది ఆస్పత్రి పాలైతే, ఆ నడిపినవాణ్ణి శిక్షించవద్దు, వంద మొక్కలు నాటిస్తే చాలన్నారని పత్రికల్లో వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

మొక్కలు నాటడం వల్లనే ఆయన అంతకాలం బతికారని నేననను. ఒక్క మనిషి రుజువు కాడు. కానీ ఆయనకి ప్రతి పొద్దునా బయటికి పోవలసిన పని వుంది. నిన్న పెట్టిన మొక్కకి ఇవాళ నీళ్ళు కావాలి. ఆయన పోకపోతే అది ఎండిపోతుంది. నా నడకలో లేనిది అదే. నేను పార్కుకి పోకపోతే పార్కుకేం నష్టం?

అయితే ఇదంతా ఎవరి గురించి మాట్లాడుతున్నానో ఒకసారి చెప్పకపోతే తప్పవుతుంది. పింఛను వచ్చే నాబోటి వాడి గురించి. ఖమ్మం దాటి, కొత్తగూడెం దాటి, దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుల్లోకి పొండి. కోయగూడెంలో ముసలివాడికి రిటైర్మెంటు లేదు. ఇప్పపువ్వు రాలే కాలంలో తెల్లవారకముందే బుట్ట పట్టుకుని చెట్టు కిందికి పోయేది ముసలమ్మలే. తునికాకు కాలంలో యాభై ఆకుల కట్టలు కడుతూ కూచునేదీ వాళ్ళే. తగవు తీర్చాలన్నా, పండగ ఎప్పుడు చెయ్యాలో చెప్పాలన్నా పెద్దవాడు కావాలి. మేము విద్యార్థులుగా వున్నప్పుడు ఒక క్యాంపులో అక్కడి పెద్దాయనకి ‘శ్రమదానం’ అంటే ఏమిటో అరగంట ఉపన్యాసం దంచాం. ఆయన ఓపిగ్గా విని, "ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు, అదేగా?" అన్నాడు. మా నాయకుడు డైరీలో ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. అలాంటిచోటికి పోయి వృద్ధులకి సేవ ఎంత మంచిదో చెప్పడం కంటే, వాళ్ళ వూరికి రోడ్డు ఎందుకు లేదో అడగడం మేలు.

ఇంకో మెలిక కూడా వుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్తని సర్కారు కాగితాల్లో వాలంటీరు అంటారు. జీతం అనరు, పారితోషికం అంటారు. వాగులు దాటి, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల గూడేలకి నడిచి, గర్భిణి స్త్రీలని ఆస్పత్రికి తెచ్చే ఆమెది సేవ అయితే, నెలకి ఇంత అని జీతం తీసుకున్న నాది ఏమిటి? బీదవాళ్ళ చేత చేయించుకుని ‘సేవ’ అని పేరు పెట్టడం వేరు, కడుపు నిండినవాడు తన ఇష్టంతో చేసేది వేరు. పైన చెప్పిన శాతాలన్నీ రెండోదానికే. మొదటిదానికి ఏ పరిశోధనా అక్కర్లేదు, న్యాయమైన జీతం చాలు. ఇదంతా మా ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ, "మీరు రిటైరయ్యారు, సేవకి పోతారు సరే. మనవల్ని చూసుకునే నాకు రిటైర్మెంటు ఎప్పుడో అది కూడా రాయండి" అంది. రాశాను.

2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం మీద పడింది. ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ, ఆ వరస అంతా మునిగింది. మా ఇల్లు మెరక మీద కాబట్టి బతికిపోయాం. నీళ్ళు తీసేశాక ఇళ్ళల్లో మోకాలెత్తు బురద. పారలు పట్టిన కుర్రవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఈసారి నన్ను కూచోమనక ముందే నేనే ఒక బల్ల వేసుకుని కూచున్నాను. ఇంట్లో తెల్లకాగితాలు ఒక దస్తా, రెండు పెన్నులు, ఒక స్టాప్లర్ దొరికాయి. బురద ఎత్తడానికి నా నడుము పనికిరాదు. కానీ ఆ బురదలో పదో తరగతి మెమోలు, ఇంటర్ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రాలు, రేషన్ కార్డులు ముద్దలై పోయాయి. నలభై ఏళ్ళు కాలేజీ ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి. ఏ కాగితం ఎవరి ద్వారా పోవాలో, ఎక్కడ ఆగిపోతుందో, ఏ గుమాస్తాని ఏ వేళ పలకరించాలో నాకు తెలిసినంతగా పారపట్టిన పిల్లలకి తెలియదు. దరఖాస్తులు రాసిపెట్టాను. పద్దెనిమిది రోజులు.

మూడో రోజున ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. తన పని ముందు రోజే అయిపోయింది. వాళ్ళ వీధిలో ఇంకో ఐదు కుటుంబాలున్నాయట, వాళ్ళు పొద్దున కూలికి పోతారట. "రేపు సాయంత్రం కూడా వుంటారా సార్?" అని అడిగింది. వుంటానన్నాను. రేపు వస్తానని ఎవరికైనా మాటిచ్చి ఎన్నేళ్ళయిందా అని ఆ రాత్రి లెక్కవేసుకుంటూ పడుకున్నాను. లెక్క తేలకముందే నిద్రపట్టింది. నా బి.పి. తగ్గిందని చెప్పను, తగ్గలేదు, మాత్ర వేసుకుంటూనే వున్నాను. మోకాళ్ళు అట్లాగే వున్నాయి. రెండింటి మెలకువ మాత్రం ఆ పద్దెనిమిది రోజులూ రాలేదు. పంతొమ్మిదో రోజున మళ్ళీ వచ్చింది.

అంచేత విద్యార్థి సంఘానికి నా విన్నపం. ఏటా వార్షికోత్సవానికి రిటైరైన అధ్యాపకులనీ పూర్వ విద్యార్థులనీ పిలుస్తారు, వేదిక మీద కుర్చీలు వేస్తారు, శాలువా కప్పుతారు. మా ఇంట్లో పదకొండు శాలువాలున్నాయి. మన ఎండలకి ఒక్కటి కప్పుకునే యోగం కలగలేదు. ఈ ఏడు శాలువా డబ్బులు మిగల్చండి. మీ దగ్గర పూర్వ విద్యార్థుల చిరునామాల పుస్తకం వుంది గదా, అందులో అరవై దాటినవాళ్ళ పేర్ల పక్కన ఎవరికి ఏం వచ్చో రాయండి. బ్యాంకులో పనిచేసిన వాడికి మహిళా సంఘాల పద్దులు చూడటం వచ్చు. నర్సుగా రిటైరైనామెకి బి.పి. చూడటం వచ్చు. 1986 వరద చూసినవాడికి నీళ్ళు ఏ మూలమలుపు దాకా వచ్చాయో తెలుసు. "ఇల్లు వదిలి రాను" అని మొండికేసే ముసలాయన దగ్గరికి పోలీసుని పంపేకంటే అలాంటివాణ్ణి పంపితే మాట వింటాడు.

మీ ఇబ్బందులు నాకు తెలుసు. ‘క్యాంపులో పెద్దాయనకి ఏదన్నా అయితే ఎవరు జవాబు?’ అని ప్రోగ్రాం ఆఫీసరు భయపడతాడు. ఎండలో మూటలు మోయించకండి. రెండు గంటల పని చెప్పండి, దగ్గర్లో మరుగుదొడ్డి వుండేట్టు చూడండి, తిరిగి బస్సెక్కించండి. ఏదన్నా అయ్యేది వుంటే టి.వి. ముందు కూడా అవుతుంది. ఇక మీ రెండో భయం, మేము వచ్చామంటే ఉపన్యాసాలిస్తామని. అది నిజమే. మైకు ఇవ్వకండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఉత్తుత్తి పని చెప్పకండి. మా మనసు నొప్పించకూడదని ఒక కాగితం చేతికిచ్చి సంతకాలు పెట్టమంటే మాకు తెలిసిపోతుంది. మేము రాకపోతే ఆగిపోయే పనే చెప్పండి. రాకపోతే తిట్టండి కూడా.

మాలో పింఛనుదార్లకి కూడా ఒక మాట. పిలవలేదని అలిగి కూచోవద్దు. ఆ ముసలమ్మని ఉల్లిగడ్డల దగ్గరికి ఎవరూ పిలవలేదు.

ఈసారి స్పెషల్ క్యాంపు అడవి అంచు వూళ్ళల్లో వేస్తారని విన్నాను. ఏ వూరో ఖాయమైతే కబురు పెట్టండి. దరఖాస్తులు రాసేందుకు కాగితాలు, మోకాలికి పట్టీ నేనే తెచ్చుకుంటాను. బల్ల ఒక్కటి మీరు చూడండి.